మంచిగ సూసి తియ్యి

ఆమె కత్తి నా దుకాణంలోనే ఉండిపోయింది. గల్లా కింద, ఖాళీ టోనర్ డబ్బాల వెనక, నీలం చీర పేలికలో చుట్టి తన చేత్తో ఎట్లా పెట్టిందో అట్లాగే ఉంది. జానెడు ఇనుము, చింతకర్ర పిడి, ఈత బరిగెలు చీల్చే కత్తి. పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడింది. రెండు వారాలుగా మనిషి రాలేదని నాకు తెలుసు. ఎల్లారెడ్డి నుంచి వాళ్ల గుడిసెలకు బండి మీద పావుగంట. ఆ పావుగంట నాకు దొరకలేదు. మొన్న ఆమె మరదలు వచ్చి గడప అవతలే నిలబడి, "మా వదినె పోయింది అన్నా, పన్నెండు రోజులాయె. కత్తి నీ కాడ ఉన్నదట, ఇయ్యి" అంది.

లోపలికి వచ్చి కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆ ఇంటి ఆడవాళ్లు నా దుకాణంలో ఎన్నడూ కుర్చీ ఎక్కలేదు. నేను కూడా రెండోసారి అడిగిన పాపాన పోలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఇంటి పేరు, తండ్రి పేరు, వయసు సుమారు యాభై ఐదు, కులం ఎరుకల, వృత్తి గంపలల్లుట అని ఎన్నిసార్లు కొట్టానో నా వేళ్లకు తెలుసు. నోటితో మాత్రం ఒక్కసారి ఆ పేరు పలకలేదు. అవ్వా అనేవాణ్ని. పోలీసు జవాన్లు 'హాజరు ముసల్ది' అనేవాళ్లు. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్తాను. దానికంటే ముందు నా సంగతి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో దొంగ ఎవరైనా ఉంటే అది నేనే.

తహసీలు ఆఫీసుకు ఎదురుగా నాది జిరాక్సు, టైపింగు దుకాణం. అర్జీలు కొడతాను. నాకొక జబ్బుంది: జనం మాటను దిద్దుతాను. 'మా బర్రెను కొట్టుకపోయిండు' అని ఎవరైనా మొత్తుకుంటే, 'నా యొక్క గేదెను దొంగిలించుకొని పోయినాడు' అని కొడతాను. చిన్నప్పుడు మా తెలుగు సారు 'ఒస్తున్న కాదురా, వస్తున్నాను' అని చెవి మెలిపెట్టి నేర్పిన భాష ఇది. చెవి నొప్పి ఎప్పుడో పోయింది, భాష ఉండిపోయింది. నా అర్జీ చదివిన గుమస్తాలు 'ఎవరయ్యా రాసింది, బాగుంది' అనేవాళ్లు. ఆ మాటకు ఉబ్బిపోయేవాణ్ని.

ప్రతి అర్జీ అడుగున ఒక వాక్యం ఉంటుంది: 'పై విషయములు నాకు చదివి వినిపించగా, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాను.' దాన్ని నేను కొట్టను కూడా కొట్టను. ముందే ఫైల్లో ఉంటుంది. పైన ఎవరి గోడు మారినా కింద ఆ వాక్యం మారదు.

తెలంగాణ రావడానికి ఐదేండ్ల ముందు, ఒక వానాకాలం మధ్యాహ్నం ఆమె మొదటిసారి వచ్చింది. వెనక మరదలు, కొంగు నోట్లో కుక్కుకొని. ఊళ్లలో ఏది పోయినా జీపు ముందుగా ఎరుకల గుడిసెలకే పోయేది. తాతల నాటి సర్కారు ఆ కులానికి మొత్తంగా దొంగలని ముద్ర వేసి పోయింది. కాగితాల్లో ఆ ముద్ర కొట్టేసి చాలా ఏండ్లయింది, మనుషుల బుర్రల్లో కొట్టేయలేదు. ఎవరి పొలంలోనో బోరు మోటారు పోయిందని ఆమె తమ్ముణ్ని, ఈ మరదలి మొగుడు సాయిలును పట్టుకుపోయారు. అది ఏ ఠాణానో చెప్పను, ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కితే వచ్చే ఊళ్లలో ఒకటి అనుకోండి.

ఆ రోజు ఆమె చెప్పింది మూడు ముక్కలు. "శనారం తీస్కపోయిన్రు సారూ. సోమారం పొద్దుగాల ఇడిసిండు. దవఖానల సూపెట్టిన్రు."

మా దిక్కు 'ఇడిసిండు' అంటే ప్రాణం విడిచాడనీ అర్థమే, ఎస్సై విడిచిపెట్టాడనీ అర్థమే. ప్రాణం అన్న మాట ఆమె నోట రాలేదు. ఎత్తి పెంచిన తమ్ముడు, ఎట్లా వస్తుంది? అడగాల్సిన వాణ్ని నేను. అడగలేదు. కరెంటు పోయే వేళయింది, ఆ రోజుల్లో కోత గడియారం కంటే నిక్కచ్చిగా వచ్చేది. గబగబా కొట్టాను: 'సోమవారం ఉదయం పోలీసు వారు విడిచిపెట్టినారు. తదుపరి ఆసుపత్రిలో చనిపోయి ఉండగా మాకు చూపించినారు.' చచ్చేలా బాది వదిలేశారు కాబోలు అనుకున్నాను. కాగితం మిషన్లోంచి బయటికి వచ్చింది, ఆమె వేలిముద్ర వేసింది, కరెంటు పోయింది. చదివి వినిపించలేదు.

మరుసటేడు కామారెడ్డిలో విచారణ జరిగింది. పోలీసుల మాట ఒకటే, జవాన్ల నోట నేనూ విన్నాను: మేం సోమవారం పొద్దున్నే విడిచిపెట్టాం, బస్టాండు దగ్గర ఫిట్సు వచ్చి పడిపోయాడు, మేమే దవాఖానాకు చేర్చాం. సాయిలు చనిపోయింది ఠాణా గడప లోపలా, బయటా? కేసంతా ఆ గడప మీదే నిలబడింది. నేను విచారణకు పోలేదు. నాకేం పని అనుకున్నాను. ఆ సాయంత్రం ఆమె కామారెడ్డి బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి అర్జీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక కాపి తియ్యి బిడ్డా. మంచిగ సూసి తియ్యి" అంది.

అప్పటిదాకా సారూ అన్న మనిషి మొదటిసారి బిడ్డా అంది. కాగితం వంక చూశాను. 'విడిచిపెట్టినారు' అన్న వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత. ఆ వాక్యం చదివాను, పోలీసుల మాట గుర్తొచ్చింది. రెండూ ఒకటే.

"ఏమన్నారవ్వా అక్కడ?" అని అడిగాను.

"ఏమంటరు బిడ్డా. సదివిన్రు" అంది.

అప్పుడు నోరు తెరిస్తే అయిపోయేది. అవ్వా, తప్పు నాది, నీ మాట నాకు సరిగా అర్థం కాలేదు, రేపు కామారెడ్డికి వచ్చి చెప్తాను అనాలి. నాలుగు మాటలు. కానీ ఆ మాటలంటే, 'చదివి వినిపించగా' అన్నది అబద్ధమని ఒప్పుకోవాలి. ఇన్నేండ్లు ఇన్ని అర్జీల కింద ఆ అబద్ధం పెట్టానని బయటపడుతుంది. జవాన్లు కూడా నా గిరాకీలే, రేపు మొహాలు ఎట్లా చూసుకుంటాం? ఆమెకు చదువు రాదు కదా, ఆ గీత ఏమిటో ఆమెకేం తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. కాగితాన్ని అద్దం మీద బోర్లా వేసి మూత పెట్టాను.

ఆ తర్వాత నాలుగేండ్లు, నెలకో రెండు నెలలకో వచ్చేది. కలెక్టరుకు ఒక కాపీ, హైదరాబాదు కమిషనుకు ఒక కాపీ, వకీలుకు ఒకటి, హక్కుల సంఘం వాళ్లకు ఒకటి. ఎప్పుడూ ఒక్కటే తీయించుకునేది, దాని మీద పెట్టే ఉత్తరం ప్రతిసారీ నేను కొట్టి ఇచ్చేవాణ్ని. ఎప్పుడూ అదే మాట, "మంచిగ సూసి తియ్యి బిడ్డా." ఆమె అడిగేది అక్షరాలు స్పష్టంగా రావాలని అనుకునేవాణ్ని. ఆమె కోసం అద్దం తుడిచేవాణ్ని, ఒకసారి టోనరు కూడా మార్చాను. "చూడవ్వా, ఎంత మంచిగ వచ్చిందో" అని చూపించేవాణ్ని. ఆమె కాగితం చూసేది కాదు, నా మొహం చూసేది. కాపీలో ఎర్ర గీత నల్లగా వచ్చేది.

బరిగెను పంటితో పట్టి చీల్చేది. దాంతో ముందటి రెండు పండ్ల మధ్య సందు పడి, కొన్ని మాటల్లో ఈల వినపడేది. నా గడప మీద, సగం ఎండలో సగం నీడలో కూర్చునేది. చాయ్ ఇస్తే గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునేది, వేడిదైనా సరే. ఎవరూ చెప్పకుండానే గ్లాసు కడిగి బోర్లించేది. నాకు అదొక ముల్లు. "అట్లా కడగకవ్వా" అంటే, "నా అలువాటు నాకుండని బిడ్డా, నీ అలువాటు నీకున్నట్టు" అనేది.

ఒకసారి ఎవరో రైతు అర్జీ నేను చదువుకుంటుంటే విని ఫక్కున నవ్వింది. "ఆయన జెప్పింది గిది కాదు గద బిడ్డా. కడుపుల మాట, నోట్ల మాట, కాయితం మీది మాట మూడు అక్కజెల్లెండ్లు గావాలె. నీ దుకాన్ల మాత్రం సవతులు" అంది. నేనూ నవ్వాను. నవ్వి మళ్లీ పనిలో పడ్డాను.

ఇక హాజరు సంగతి. సాయిలు పోయాక ఆమె ఒక పని పెట్టుకుంది. చుట్టుపక్కల ఏ గుడిసెల నుంచైనా, ఏ తండా నుంచైనా, ఎవరినైనా ఠాణాకు పట్టుకుపోయారని తెలిస్తే చాలు, అల్లుతున్న గంప అట్లాగే వదిలి బయలుదేరేది. కులం చూసేది కాదు, తప్పు చేశాడా లేదా అని అడిగేది కాదు. ఎల్లారెడ్డిలో బస్సు మారేటప్పుడు కత్తి నా దగ్గర పెట్టిపోయేది. "ఇనుము పట్టుకొని ఠాణాకు పోతె ఇంకో కేసైతది" అని నవ్వేది. పోయి ఠాణా పక్క గోడకు నిలబడి, లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలిచేది. పొద్దున ఒకసారి, పగటీలి ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. లోపలి నుంచి 'ఓ' అని జవాబు వచ్చేదాకా పిలిచేది. వచ్చాక గోడ నీడన కూర్చొని బరిగెలు నానబెట్టుకునేది. అంతే. నినాదం లేదు, జెండా లేదు.

ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్లకు ఒకటే నేర్పేది. "ఏడువకుండ్రి. ఏడిస్తె మనకే ఇనపడది. పిలువాలె, పిలిచి సప్పుడు చెయ్యక ఇనాలె."

ఒక్కసారి నేను వెంట పోయాను. ఉద్యమం రోజులు, బస్సులు బంద్. సరిహద్దు దిక్కు ఒక ఊళ్లో, చెరుకు కొట్టడానికి డోంగ్లి అవతలి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలి ఒకణ్ని పట్టుకున్నారని కబురొచ్చింది. ఆమె నడిచి పోతానని బయలుదేరితే మొహమాటానికి బండి తీశాను. ఠాణా గోడ దగ్గర ఆ కూలి పెండ్లాం కూర్చొని ఉంది, తెలుగు రాదు. అవ్వ సైగలతో ఆమె మొగుని పేరడిగి, గోడకు చేరి, గొంతెత్తి, "ఓ మారుతీ! పలుకు నాయ్నా!" అని పిలిచింది.

జవాను ఒకడు బయటికొచ్చాడు. "ఏయ్ ముసల్దానా, ఠాణా అనుకున్నవా, అంగడి అనుకున్నవా?"

"అంగట్ల అయితె బేరం జేద్దును సారూ. నేను బేరం జేస్తలేను, పిలుస్తున్న."

"హాజరు తీసుకోనీకి నువ్వేమన్న పంతులమ్మవా?"

"అట్లనె అనుకో సారూ. బడ్లె పిలగాండ్లకు హాజరున్నది, కూలికి హాజరున్నది. లోపటున్నోనికి ఉండొద్దా?"

జవాను నా వంక చూశాడు. నేను బండి అద్దంలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచాను. ఆమె మళ్లీ పిలిచింది. మూడోసారికి లోపలి నుంచి సన్నగా, "ఆహే!" అని వినిపించింది. అవ్వకు అర్థం కాలేదు. "ఏమంటుండు సారూ?" అని జవానునే అడిగింది. వాడికి నవ్వాగలేదు. "ఉన్న అంటుండు, మరాఠీల" అన్నాడు.

"ఏ భాషల పలికితె ఏంది, పలికిండు" అని, ఆ కూలి పెండ్లాం భుజం తట్టి కూర్చుంది. మూడో రోజు అతణ్ని కోర్టులో హాజరు పెట్టారు. నడుచుకుంటూ పోయాడని చెప్పి ఆమె మురిసిపోయింది. పోనుపోను ఠాణాల్లో కొందరికి అలవాటైపోయింది. ఒక జవాను, ఆమె గోడ దగ్గరికి రాకముందే, "ఉన్నడే! బువ్వ తింటుండు, పో!" అని లోపలి నుంచే అరిచేవాడట. అయినా ఆమె పోయేది కాదు. "నువ్వు పలికితె అయితదా సారూ, వాడు పలుకాలె" అనేదట.

ఆమె దారిలో ఎందరు నడిచారంటే, మొదట్లో ఒక ట్రాక్టరు నిండా. కామారెడ్డిలో ఒక సభ జరిగింది, కరపత్రం నేనే కొట్టాను. పట్నం నుంచి హక్కుల సంఘం వాళ్లు వచ్చారు, కుర్చీలు చాలా వేశారు. కుర్చీలే ఎక్కువ. గుడిసెల వాళ్లు అప్పటికే వెనక్కి తగ్గారు. ఆమెతో తిరిగితే జీపు తమ ఇంటికి వస్తుందని భయం. మరదలు పిల్లల్ని తీసుకొని బీర్కూర్ దిక్కు పుట్టింటికి చేరింది, ఆమెనూ తప్పు పట్టలేం. మైకు ముందు ఆమెను నిలబెట్టి "జరిగింది చెప్పమ్మా" అన్నారు.

ఆమె చెప్పలేదు. మైకు రెండు చేతులతో పట్టుకొని, "సాయిలూ!" అని పిలిచింది. ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టబోతే చేయెత్తి ఆపింది. మళ్లీ పిలిచింది, "సాయిలూ! పలుకురా!" అందరం నోళ్లు మూసుకొని విన్నాం. బయట బస్సు హారను, మైకులో గుయ్యిమనే చప్పుడు, అంతే. మూడోసారి పిలిచి, కాసేపు విని, మైకు ఇచ్చేసి దిగిపోయింది. మర్నాడు పేపర్లో 'కన్నీరుమున్నీరైన సోదరి' అని వేశారు. ఆమె కంట్లో చుక్క నీరు లేదు. నాకే వచ్చాయి, ఎవరూ చూడకుండా తుడుచుకున్నాను.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ ఉన్నా, ఇంజను దగ్గర కింద కూర్చుంది. నేనే లేచిపోయి పక్కన నిలబడ్డాను. అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా.

"ఆ రెండు దినాలు ఠాణా ముంగట్నే కూసున్న బిడ్డా. సారుకు కోపమొస్తది, ఇంకింత కొడ్తరని సప్పుడు చెయ్యలె. ఐతారం పొద్దుగూకంగ లోపట ఎవలో దగ్గిన్రు. మా సాయిలు దగ్గే. గప్పుడన్న పిలుస్తె ఉన్నా అనెటోడేమొ, అక్క బయట్నే ఉన్నది అనుకునెటోడేమొ. పిల్వలె. ఎందుకు పిల్వలె అంటె ఏం జెప్పాలె? భయం."

అవ్వా, నాదీ అదే, భయం, అనాలనుకున్నాను. బస్సు ఎల్లారెడ్డి స్టాండులోకి తిరిగింది. అందరూ లేచారు, నేనూ లేచాను. మళ్లీ అటువంటి సమయం రాదని నాకు అప్పుడే తెలుసు, అయినా దిగిపోయాను.

తర్వాత తర్వాత ఠాణాలకు ఒక్కతే పోయేది, గుడిసెకు ఒక్కతే వచ్చేది. కాపీ పని లేకున్నా నా గడప మీద కూర్చొని గంప అల్లుకునేది. నేను లోపల, ఆమె బయట, మధ్య మాటలు తక్కువ. ఎవరైనా గిరాకీ 'ఎవరీమె' అంటే, 'మన అవ్వనే' అనేవాణ్ని. ఆ మాటకు ఆమె చేతులు ఒక క్షణం ఆగేవి.

ఈ యేడు ఎండాకాలం చివర్లో ఆఖరిసారి వచ్చింది. వీధంతా కొత్త రాష్ట్రం సంబురం, రోడ్డు మీద గులాల్ ఇంకా పోలేదు. దగ్గుతోంది. కాపీ తీయనా అంటే, "వద్దు బిడ్డా, ఇయ్యాల వద్దు" అంది. కాసేపటికి, "కొత్త రాష్ట్రమొచ్చింది గద, పాత కాయితాల తప్పులు దిద్దుతరా?" అని అడిగింది.

"అది పై వాళ్ల చేతుల్లో ఉంటదవ్వా" అన్నాను. మిషను మూత తుడుస్తూ అన్నాను.

"అవునా" అని లేచింది. గల్లా కిందికి వంగి కత్తి పెట్టి పోయింది. ఆ రోజు ఆమె ఏ ఠాణాకూ పోవడం లేదు. ఆ సంగతి ఆమె మలుపు తిరిగాక గాని నాకు తట్టలేదు.

మొన్న మరదలికి కత్తి తీసి ఇచ్చాను. ఆమె అందుకొని, కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. మూలలు అరిగిపోయిన అర్జీ, ఎర్ర గీత వెలిసి గులాబీ రంగైంది. "కత్తి తీస్కొని, గీ కాయితం ఆయన చేతుల పెట్టి రమ్మన్నది వదినె, పాణం మీదికొచ్చి నన్ను పిలిపిచ్చినప్పుడు" అంది.

అడగకుండా ఉండలేకపోయాను. "ఆ గీత ఏంటిదో మీ వదినెకు తెలుసా చెల్లె?"

మరదలు నా వంక వింతగా చూసింది. "ఎరుక లేకేంది అన్నా. కామారెడ్డిల పెద్దసారు గీత గీసి, విడిచిపెట్టారని నువ్వే రాయించినవు కదమ్మా అని సదివి ఇనిపిచ్చిండు, నేను పక్కకే ఉన్న. బయటికొచ్చినంక మస్తు తిట్టిన నిన్ను. గా దుకానాయన మన కొంప ముంచిండు, పా, పోయి అడుగుదామన్న. వదినె వద్దన్నది. అడిగితె తప్పించుకుంటడు, పిలుద్దాం, మంచోడే, పిలిస్తె పలుకుతడు అన్నది."

మంచిగ సూసి తియ్యి. నాలుగేండ్లు నా గోడకు నిలబడి ఆమె పిలిచింది నన్ను. నేను మాత్రం అద్దం తుడుచుకుంటూ ఉన్నాను.

కొత్త ఫైలు తెరిచాను. నా పేరు, నా తండ్రి పేరు, నా వృత్తి కొట్టాను. ఆ దినము ఆమె చెప్పిన మాటలు ఇవి అని రాసి, 'శనారం తీస్కపోయిన్రు సారూ. సోమారం పొద్దుగాల ఇడిసిండు. దవఖానల సూపెట్టిన్రు' అని ఆమె అన్నది అన్నట్టే కొట్టాను. ఒక్క అక్షరం దిద్దలేదు. ఆ మాటకు ప్రాణం విడిచినాడని అర్థమని, నేను తప్పు రాశానని, ఆమెకు చదివి వినిపించలేదని, వినిపించినట్టు రాసింది అబద్ధమని కొట్టాను. అడుగున ఎప్పుడూ ఉండే వాక్యాన్ని చెరిపేశాను.

కాగితం పట్టుకొని గడప దాకా వచ్చి, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. మరదలు కత్తిని గుండెకు అదుముకొని విన్నది. 'ఇడిసిండు' దగ్గర కండ్లు మూసుకుంది.

"వేలుముద్ర నేనెయ్యాల్నా అన్నా?" అంది.

"వద్దు చెల్లె. ఇది నా కాయితం" అన్నాను. సంతకం పెట్టాను.

ఇప్పుడు దీంతో ఏమవుతుందో నాకు తెలియదు. ఇన్నేండ్లకు ఏం లాభమని వకీలు అనవచ్చు, నా మీదే కేసు పెట్టవచ్చు. మరదలు నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది. "వదినె ఉన్నప్పుడు పలికితె ఏం పోతుండె అన్నా?"

భయం అని చెప్పాలి. చెప్పేలోపు ఆమె రోడ్డు దాటింది.

షట్టరు సగం దించి, అవ్వ కూర్చునే చోటు పక్కన గడప మీద కూర్చున్నాను. ఆమెను పేరు పెట్టి పిలిచాను, మొదటిసారి. పిలిచి, ఏడవకుండా, చప్పుడు చేయకుండా విన్నాను. తర్వాత లేచి కామారెడ్డి బస్సెక్కాను.